మౌనానికి ముట్టే కూలి

తెనాలి

చిరంజీవి సుధకు,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. అంత పెద్ద సంగతికి ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు చేతకాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

చదవమన్న నవల చదివావు, సంతోషం. చదివాక నువ్వడిగిన ప్రశ్న ఇంకా సంతోషం. “అందరూ ఫర్లాంగ్ దేవుడంటున్నారు గానీ పెద్దమ్మా, నాకు మాత్రం ఐలీనే కరెక్ట్ అనిపించింది. అయిదుగురు ఆడపిల్లల తండ్రి అలా చెయ్యొచ్చా? రేపు వాళ్ళ చదువు పోతే ఎవరు తెచ్చిస్తారు?” అన్నావు. ఈ పుస్తకం చదివి కళ్ళు తుడుచుకుని పక్కన పెట్టేవాళ్ళే ఎక్కువ. లెక్క అడిగేవాళ్ళు అరుదు. నువ్వు లెక్క అడిగావు కాబట్టి నేనూ లెక్కే చెబుతాను.

మెసేజ్ చివర్లో, దానికీ దీనికీ సంబంధం లేనట్టు, మీ ఇంట్లో ఉండే ఖమ్మం అమ్మాయి సంగతి కూడా చెప్పావు. నాకు మాత్రం రెండూ ఒకటే సంగతిగా వినపడ్డాయి. ముందు పుస్తకం చూద్దాం, తర్వాత నీ దగ్గరికి వస్తాను.

క్లెయిర్ కీగన్ రాసిన ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ 2021లో వచ్చింది. నూట ఇరవై పేజీలు కూడా లేదు. అయినా 2022లో బుకర్ తుది జాబితాకెక్కింది, ఆ ఏడే రాజకీయ కాల్పనిక సాహిత్యానికిచ్చే ఆర్వెల్ బహుమతి తెచ్చుకుంది. 2024లో కిలియన్ మర్ఫీ ప్రధాన పాత్రగా సినిమా కూడా అయింది. కథ 1985లో, క్రిస్మస్ ముందు రోజుల్లో నడుస్తుంది. ఊరు న్యూ రాస్. మీ డబ్లిన్‌కు దక్షిణాన, వెక్స్‌ఫర్డ్ కౌంటీలో, బారో నది ఒడ్డున ఉంది. బిల్ ఫర్లాంగ్ బొగ్గూ కట్టెలూ అమ్ముకు బతికేవాడు. భార్య ఐలీన్, అయిదుగురు కూతుళ్ళు. ఏటి అవతల గుట్ట మీద కాన్వెంట్. ఊళ్ళో ఆడపిల్లలకున్న ఒకే ఒక మంచి బడి దాన్ని ఆనుకునే ఉంది. ఆ ప్రాంగణంలోనే లాండ్రీ. పెళ్ళి కాకుండా కడుపొచ్చిందనో, చెప్పిన మాట వినడం లేదనో, అడిగే దిక్కు లేదనో అక్కడ చేర్చిన ఆడపిల్లలు పైసా జీతం లేకుండా ఊరి బట్టలు ఉతుకుతుంటారు. బొగ్గు వెయ్యడానికి తెల్లవారుజామున వెళ్ళిన ఫర్లాంగ్, బొగ్గు కొట్టు తలుపు తీసి, రాత్రంతా లోపల పెట్టి గొళ్ళెం వేసిన ఒక పిల్లను చూస్తాడు. చూసినవాడు ఏం చేశాడన్నదే మిగతా నవల.

ఎవరి కంటపడిందో గమనించావా? ఊళ్ళో ఫాదర్లున్నారు, చదువుకున్నవాళ్ళున్నారు, డబ్బున్నవాళ్ళున్నారు. వాళ్ళంతా కాన్వెంటుకు వీధి గుమ్మంలోంచి వెళతారు. అక్కడ నేల అద్దంలా మెరుస్తుంటుంది. సరుకు వేసేవాడు పెరటి దోవన వెళతాడు. ఏ ఇంటి అసలు సంగతైనా తెలిసేది పెరట్లోనే. అంతకు ముందు ఇంకోసారి వెళ్ళినప్పుడు కూడా, ఆ నేల అంతగా ఎందుకు మెరుస్తోందో ఫర్లాంగ్ కళ్ళారా చూశాడు. పాలిష్ డబ్బాలు పక్కన పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, ఆడపిల్లలు ప్రార్థనా మందిరం నేల రుద్దుతున్నారు. వాళ్ళలో జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరించిన ఒక పిల్ల లేచి వచ్చి, ఏటి దాకా తీసుకెళితే చాలని అడిగింది. ఏటికి ఎందుకో ఆయనకు అర్థమైంది. తలుపులకు తాళాలు, గోడల మీద గాజుపెంకులు కూడా చూశాడు. చూసి వచ్చేశాడు.

బొగ్గు నలుపు, ఉతికిన దుప్పట్ల తెలుపు, ఈ రెండు రంగులూ పుస్తకమంతా పక్కపక్కనే నడుస్తాయి. ఫర్లాంగ్ రోజూ ఇంటికొచ్చి చేతుల మసి వదిలేదాకా రుద్ది కడుక్కుంటాడు. ఊళ్ళోవాళ్ళేమో లాండ్రీకి వేసిన బట్ట కొత్తదానిలా తిరిగొస్తుందని మెచ్చుకుంటారు. ఆ తెలుపు ఎవరి చేతుల మీదుగా వచ్చిందని అడగరు. కీగన్ ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు. ఒక పక్క మసి, ఇంకో పక్క మెరుపు చూపించి ఊరుకుంటుంది.

ఇప్పుడు లెక్క. ఆ లాండ్రీ వల్ల ఎవరికేం ముట్టేదో చూడు. హోటళ్ళకు, ఆస్పత్రికి, ఫాదర్లకు, కలిగిన ఇళ్ళకు శుభ్రమైన బట్టలు. తల్లిదండ్రులకు కూతుళ్ళ కోసం బడిలో సీట్లు. ఫర్లాంగ్‌కు బొగ్గు ఆర్డరు. ఎవరి వాటా వాళ్ళకు మర్యాదగా అందుతుంది. లంచం తీసుకున్నామని ఏ ఒక్కరూ అనుకోరు. సుధా, ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. చూసీ చూడనట్టు ఉండటం ఊరికే జరిగిపోయేది కాదు. అదీ ఒక పనే. ఆ పనికీ కూలి ముడుతుంది. ఒకరికి అది సీటు రూపంలో వస్తుంది, ఇంకొకరికి ఆర్డరు రూపంలో, మరొకరికి ‘మీరు మావాళ్ళు’ అనే పలకరింపు రూపంలో. వేరే పేర్లతో వస్తుంది కాబట్టి తీసుకునేవాడికి అది కూలి అని తెలియదు.

పుస్తకంలో ఆ కూలి చేతికందే ఘట్టం ఒకటుంది. మళ్ళీ తీసి నెమ్మదిగా చదువు. కొట్టులో దొరికిన పిల్లకు ఫర్లాంగ్ తన కోటు కప్పి, నడిపించుకుంటూ కాన్వెంట్ గుమ్మం దాకా తీసుకొస్తాడు. మదర్ సుపీరియర్ కోప్పడదు. బూట్లకు మసి ఉందని ఆయన మొహమాటపడుతున్నా లోపలికి రమ్మంటుంది. నిప్పు రాజుకుంటున్న గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తుంది, కేకు పెడుతుంది. కూతుళ్ళు బాగా చదువుతున్నారా అని అడుగుతుంది. చిన్నవాళ్ళు కూడా బడికొచ్చే వయసు కదా, అందరికీ చోటు సర్దడం తేలిక కాదు కదా అని మాటల్లో మాటగా అంటుంది. ఈలోపు ఆ పిల్లను కడిగి, తల దువ్వి తీసుకొస్తారు. కొట్టులో ఎలా ఇరుక్కున్నావమ్మా అంటే, దాగుడుమూతలు ఆడుకుంటున్నామని ఆ పిల్ల చేతే చెప్పిస్తారు. ఆ పిల్లకు పధ్నాలుగు వారాల బిడ్డ. బిడ్డ ఎక్కడుందో తెలియదు. చివరికి మదర్ ఒక కవరు తెచ్చి, పండక్కి అని ఆయన చేతిలో పెడుతుంది.

ఆ గదిలో ఒక్క బెదిరింపు మాట లేదు. గొంతు పెంచిన క్షణం లేదు. టీ ఉంది, కుశలప్రశ్నలున్నాయి, కానుక ఉంది. ఫర్లాంగ్‌కు అంతా అర్థమవుతుంది, అయినా కవరు పుచ్చుకుంటాడు. పిల్లను అక్కడే వదిలి ఇంటికెళతాడు, ఇంట్లోవాళ్ళతో ప్రార్థనకూ వెళతాడు. కవరులో యాభై పౌండ్ల నోటు చూసి ఐలీన్ సంబరపడుతుంది. పండగ ఖర్చులున్న ఇల్లాలు, సంబరపడక ఏం చేస్తుంది? ఆ నోటు దొంగసొమ్ము కాదు, ఎవరి జేబులోంచీ కొట్టేసింది కాదు. అయినా అది ఏ పనికి ఇచ్చిన కూలో ఆ ఇంట్లో ఒకరికి తెలుసు. తెలిసినవాడికి ఆ తర్వాత అన్నం సహించదు.

ఇక నీ ఐలీన్. ఆవిడను నేనేమీ తక్కువ చెయ్యను. 1985 ఐర్లండ్ ఎలా ఉందో కీగన్ చాలా ఒబ్బిడిగా చెబుతుంది. ఓడలు కట్టే కంపెనీ మూతపడింది. ఎరువుల ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేశారు. కుర్రాళ్ళు లండనో అమెరికానో పట్టుకు పోతున్నారు. ఫాదర్ ఇంటి వెనక, పిల్లికి పోసిన పాలు ఒక బడి పిల్లవాడు తాగుతుండగా ఫర్లాంగ్ చూస్తాడు. అలాంటి ఊళ్ళో, ఎవరికీ బాకీ పడకుండా, అయిదుగురు పిల్లలకు వేళకు తిండీ బట్టా చూసుకునే ఇల్లు అది. దారిన పోయే పిల్లవాడికి మొగుడు చిల్లర ఇచ్చాడని ఐలీన్ విసుక్కుంటే, అది పిసినారితనం అనలేం. జారితే పట్టుకునేవాళ్ళు లేరని తెలిసిన మనిషి జాగ్రత్త అది. బతికి బట్టకట్టాలంటే కొన్ని పట్టించుకోకూడదంటుంది ఆవిడ. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మన ఇళ్ళలో అమ్మమ్మలు చెప్పిందీ అదే.

హోటల్ నడిపే మిసెస్ కీహో కూడా అంతే. ఫర్లాంగ్ అంటే ఆవిడకు అభిమానం. అందుకే పక్కకు పిలిచి, ఆ కాన్వెంటువాళ్ళ చెయ్యి లేని చోటు ఈ ఊళ్ళో లేదు, కాన్వెంటుకూ మీ పిల్లల బడికీ మధ్య ఒక్క గోడే అడ్డం, చూసుకో అంటుంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మన నోరు కట్టేసేది శత్రువుల బెదిరింపు కాదు సుధా, మన మేలు కోరేవాళ్ళ హితవు. శత్రువును ఎదిరించాలనిపిస్తుంది. ప్రేమతో వద్దన్నవాళ్ళకు ఏం చెబుతాం?

కాబట్టి ఖర్చు ఉందన్న నీ మాట ఒప్పుకుంటున్నాను. ఆ ఖర్చు ఫర్లాంగ్ ఒక్కడిదే కాదు, అడగకుండానే అయిదుగురు పిల్లల నెత్తిన పడుతుందన్నదీ ఒప్పుకుంటున్నాను. కీగన్ కూడా దాన్ని దాచలేదు. పిల్లను తీసుకుని ఇంటి గుమ్మం దాకా వచ్చేసరికి నవల ఆగిపోతుంది. ఐలీన్ ఏమందో, బడిలో ఏమైందో చెప్పదు. ముందుంది కష్టకాలమని ఫర్లాంగ్‌కు తెలుసని మాత్రం చెబుతుంది. మంచి పని చేశాడు, అంతా మంచే జరిగిందని రాసి ఉంటే నేను ఈ పుస్తకం నీ చేత చదివించేదాన్ని కాదు.

కానీ ఐలీన్ లెక్కలో ఒక పద్దు రాయలేదు. ఫర్లాంగ్ తల్లి పదహారేళ్ళ వయసులో, ఒక పెద్దింట్లో పనిమనిషిగా ఉండగా కడుపుతో ఉంది. పుట్టింటివాళ్ళు గుమ్మం తొక్కవద్దన్నారు. ఆ ఇంటావిడ మిసెస్ విల్సన్ కూడా ‘మనకెందుకు’ అనుకుని ఉంటే, ఆ తల్లి అలాంటి లాండ్రీలోనే తేలేది. కొడుకు ఎవరి చేతుల్లో పడేవాడో, అసలు బతికేవాడో లేదో. ఆవిడ ఆ పిల్లను పనిలోనే ఉంచుకుంది, బిడ్డను ఇంట్లో పెరగనిచ్చింది, చదవడం నేర్పింది, పెళ్ళినాడు చేతిలో డబ్బు పెట్టి సొంతంగా బతకమంది. ఐలీన్ మొగుడు, ఆవిడ ఇల్లు, ఆ అయిదుగురు పిల్లలు, అంతా ఒకావిడ ఒకనాడు ఆ లెక్క వెయ్యకపోవడం వల్ల వచ్చిన ఆస్తి. కొట్టులో దొరికిన పిల్లకు కాన్వెంట్లో వేరే పేరు పెట్టారు. అసలు పేరేమిటని ఫర్లాంగ్ అడిగితే సారా అంటుంది. అదే ఆయన తల్లి పేరు. మనం ఎవరి దయ తిని పెద్దవాళ్ళమయ్యామో వాళ్ళకు ఆ బాకీ తీర్చే వీలు చాలాసార్లు ఉండదు. ఆ బాకీ ఇంకెవరి రూపంలోనో వచ్చి గుమ్మంలో నిలబడుతుంది.

అయితే మిసెస్ విల్సన్ అంత మంచిపని ఎలా చెయ్యగలిగింది? ఆవిడ ప్రొటెస్టెంటు. ఊళ్ళో ఫాదర్ మాట ఆవిడ మీద చెల్లదు. సొంత ఇల్లుంది, పెన్షనుంది. ఆవిడ దగ్గర్నుంచి లాక్కోగలిగింది ఎవరికీ ఏమీ లేదు. ఇది చెప్పి ఆవిడ మంచితనాన్ని తగ్గించడం లేదు. మనిషి ధైర్యాన్ని కొలిచేటప్పుడు ఆ మనిషి కాళ్ళ కింద నేల ఎంత ఉందో కూడా చూడాలంటున్నాను. దిక్కులేనివాడు నోరు మూసుకుంటే వాడిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. నేల ఉన్నవాళ్ళు మూసుకుంటే మాత్రం అడగాలి. కాళ్ళ కింద ఎంత నేల ఉంటే అంత ధైర్యం మన బాకీ. ఫర్లాంగ్‌కు సొంత వ్యాపారముంది, అప్పుల్లేవు, చలికాలంలో ఊరికి బొగ్గు లేకుండా గడవదు. మిసెస్ విల్సన్ అంత కాకపోయినా కాస్త నేల ఉంది.

ఇంకొకడున్నాడు, నెడ్. మిసెస్ విల్సన్ ఇంట్లో పాలేరు. ఫర్లాంగ్‌కు తండ్రెవరో తెలియదు. పెద్దింటికొచ్చే గొప్పవాళ్ళలో ఎవరో ఒకరై ఉంటారని చిన్నప్పటి నుంచీ ఒక ఊహ. ఒకరోజు ఆ ఇంటి గుమ్మంలో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, నువ్వు నెడ్‌కు చుట్టానివా, పోలికలున్నాయే అంటుంది. అంతే. బూట్లు తుడిచి, లేసులు కట్టి, మొదటి రేజరు కొనిచ్చి గడ్డం గీసుకోవడం నేర్పిన ఆ పాలేరే తన తండ్రి అని నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక తెలుస్తుంది. కొడుకు తనకంటే గొప్పవాడికి పుట్టాననుకుంటే నలుగురిలో తలెత్తుకు తిరుగుతాడని, నోరు విప్పకుండా పక్కనే ఉండి చూసుకున్నాడు. ఇదీ మౌనమే. దీనికి మాత్రం కూలి ముట్టలేదు, ఎదురు ఆయనే చెల్లించాడు. ఏ మౌనం మంచిదో ఏది కాదో నీకు సందేహం వచ్చినప్పుడు ఇదే చూడు. మాట్లాడకపోవడం వల్ల ఖర్చయ్యేది ఎవరికి, కలిసొచ్చేది ఎవరికి?

ఇది ఒక రచయిత్రి ఊహే కదా అనుకోకు. మాగ్డలీన్ లాండ్రీ అని పిలిచే అలాంటి చోటు న్యూ రాస్‌లో నిజంగా ఉండేది. అది 1967లోనే మూతపడింది. కీగన్ కావాలని కథను 1985కు తెచ్చింది. చరిత్ర ప్రకారం అది ఆ ఊరికి సరిపోకపోయినా, దేశానికి సరిపోతుంది. డబ్లిన్‌లో షాన్ మెక్‌డెర్మట్ స్ట్రీట్‌లో ఉన్న చిట్టచివరి లాండ్రీ మూతపడింది 1996లో, నువ్వు పుట్టడానికి కొన్నేళ్ళ ముందు. అంతకు మూడేళ్ళ ముందు, 1993లో, డబ్లిన్‌లోనే హై పార్క్ కాన్వెంటువాళ్ళు స్థలం అమ్ముకుంటూ, అక్కడ పాతిపెట్టిన లాండ్రీ స్త్రీల అవశేషాలు తవ్వించారు. 155 మందివి బయటపడ్డాయి. 2013లో వచ్చిన ప్రభుత్వ నివేదిక, 1922 నుంచి లెక్క తీస్తే పదివేల మంది స్త్రీలు ఈ లాండ్రీల్లోకి వెళ్ళారని తేల్చింది. ఎలా వెళ్ళారో తెలిసిన కేసుల్లో నాలుగో వంతుకు పైగా పంపించింది ప్రభుత్వ వ్యవస్థే. ఆ ఏడు ఫిబ్రవరిలోనే అప్పటి ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఇదంతా మతం మీద కోపంతో చెప్పడం లేదు. నాకు ఇంగ్లిషు అక్షరం దిద్దించింది సిస్టర్లే, వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. ఎవరూ ప్రశ్నించకూడని చోటు ఒకటి తయారైతే, అది గుడి కానీ, బడి కానీ, ఆఫీసు కానీ, మన ఇల్లే కానీ, జరిగేది ఇదేనని చెబుతున్నాను.

ఫర్లాంగ్ కల్పిత పాత్ర. క్యాథరిన్ కోర్లెస్ నిజం మనిషి. గాల్వే కౌంటీలో ట్యూమ్ అనే ఊరు. పెళ్ళికాని తల్లుల పిల్లల్ని ఉంచే హోమ్ ఒకటి అక్కడుండేది. ఆ పిల్లలు కూడా ఈవిడ చదివే బడికి వచ్చేవాళ్ళు. వాళ్ళతో ఎవరూ కలిసేవాళ్ళు కాదు. ఒకసారి తోటి పిల్ల చేసింది చూసి, మిఠాయి కాగితంలో రాయి చుట్టి హోమ్ పిల్లకు ఇచ్చానని ఆవిడే తర్వాత చెప్పుకుంది. పెద్దయ్యాక, స్థానిక చరిత్ర రాసుకుంటూ, ఆ హోమ్‌లో చనిపోయిన పిల్లల మరణ ధ్రువపత్రాలు సొంత డబ్బుతో ఒక్కొక్కటే తెప్పించింది. 796 పేర్లు తేలాయి. వాళ్ళను ఎక్కడ పాతిపెట్టారో చెప్పే కాగితం లేదు. 2014లో సంగతి లోకమంతా పొక్కింది. 2025లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. ఆవిడ ఎవరింటి తలుపూ బద్దలు కొట్టలేదు, ఏ వేదికా ఎక్కి అరవలేదు. పేర్లు రాసింది. రాయి ఇచ్చిన చేత్తోనే రాసింది.

ఈ ఇద్దరి దగ్గరా నేను చూసేది ఒకటే, రెండోసారి. ఏటికి తీసుకెళ్ళమన్న పిల్లను ఫర్లాంగ్ వదిలేసి వచ్చాడు. కొట్టులో దొరికిన పిల్లను మొదటిసారి తనే లోపల అప్పగించి, కవరు పుచ్చుకుని వచ్చాడు. అక్కడితో ఆగిపోతే అతను ఊళ్ళో మిగతావాళ్ళలో ఒకడు. క్రిస్మస్ ముందు సాయంత్రం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఎవరినీ పిలవలేదు, టీకి కూర్చోలేదు. కొట్టు తలుపు తీసి పిల్లను పట్టుకుని బయటికి నడిచాడు. సందుల్లోంచి కాదు, దీపాలు వెలుగుతున్న ఊరి మధ్యనుంచి. చేతిలో ఐలీన్‌కు కొన్న కొత్త బూట్ల పెట్టె. పక్కన చెప్పుల్లేని కాళ్ళతో ఆ పిల్ల. పలకరించబోయినవాళ్ళు ఆ కాళ్ళు చూసి వెనక్కి తగ్గుతున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మనం వెక్కిరింపుగా అంటామే, ఆ దారిలో నడుస్తూ అతను తన జన్మలో ఎరగనంత సంతోషంగా ఉన్నాడు. భయం కూడా అంతే ఉంది. భయం పోయాక చేస్తానంటే ఏ పనీ ఎప్పటికీ కాదు.

ఇక నీ దగ్గరికి వస్తున్నాను. నువ్వు చెప్పిందే నేను తిరిగి చెబుతున్నాను, సరిగా విను. ఆ ఇల్లు మన తెలుగతను అద్దెకు తీసుకుని, మళ్ళీ మీ అందరికీ గదులు పంచి అద్దెలు వసూలు చేస్తున్నాడు. అందరూ అతన్ని అన్న అంటారు. ఖమ్మం అమ్మాయి అడ్వాన్సు కట్టి చేరింది. మూడో నెల కాకముందే, వేరేవాళ్ళు వస్తున్నారు ఖాళీ చెయ్యమన్నాడు. అడ్వాన్సు అడిగితే ఫోన్ ఎత్తడం లేదు. ఇంతకు ముందు ఇంకొకరికి కూడా ఇలాగే జరిగిందని నీకు తెలుసు. కొత్తగా వచ్చే పిల్లలకు ఇల్లు చూపించేది నువ్వు. అందుకని నీ ఒక్కదానికే విడిగా గది ఉంది, అద్దెలో రెండొందల యూరోలు తగ్గింపు ఉంది. “నేనేం చెయ్యగలను పెద్దమ్మా, నేను కూడా అద్దెకున్నదాన్నే కదా” అన్నావు.

ఆ రెండొందల యూరోలు దేనికిస్తున్నాడో నువ్వే చెప్పు. తాళం తీసి గది చూపించినందుకే అయితే నాకు అభ్యంతరం లేదు. కొత్తగా వచ్చిన ఆడపిల్ల నీ మొహం చూసి, ‘అక్క ఉంది కదా, మంచి ఇల్లే’ అని నమ్మి డబ్బు కడుతోంది. నువ్వు అమ్ముతున్నది ఆ నమ్మకం. నీకు చెడ్డ ఉద్దేశం లేదని నాకు తెలుసు. న్యూ రాస్‌లో దుప్పట్లు ఉతికించుకున్నవాళ్ళలోనూ ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు.

మన తెలుగువాడి సంగతి బయటపెడితే మనకే నామర్దా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మీ అమ్మ అందట. మీ అమ్మ భయం నాకు అర్థమవుతుంది, అది తల్లి భయం. కానీ అడ్వాన్సు పోగొట్టుకున్న పిల్లా తెలుగుదే. మనవాళ్ళు అన్నప్పుడు ఆ పిల్ల ఎందుకు లెక్కలోకి రాదు? మోసం చేసినవాడి పరువు మనది, మోసపోయినదాని నష్టం మాత్రం ఆ పిల్లదా?

నిన్ను ఊరేగింపు తియ్యమనడం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో అతని ఫొటో పెట్టి తిట్టమనడం అంతకన్నా లేదు. అలాంటి వీరత్వం ఒక్క పూట ఉంటుంది, తర్వాత దాని దెబ్బ ఆ అమ్మాయికే తగులుతుంది. ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, నీకేం కావాలని అడుగు. డబ్బు కావాలా, ఇంకొంతకాలం ఉండటానికి చోటు కావాలా, తోడు ఒక మనిషి ఉంటే చాలా, ఆమెనే చెప్పనివ్వు. ఎంత కట్టింది, ఎప్పుడు కట్టింది, అతను ఏం మెసేజ్ పెట్టాడు, అన్నీ తేదీలతో ఒకచోట రాయించు. బ్యాంకు కాగితాలు తీయించు. అక్కడ అద్దెకుండేవాళ్ళకు ఉచితంగా సలహా చెప్పే థ్రెషోల్డ్ అనే సంస్థ ఉంది. అద్దె తగాదాలు తీర్చడానికి రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డు ఉంది. మీ ఇంటి ఒప్పందం ఏ రకం కిందికి వస్తుందో, ఎక్కడికి వెళితే పనవుతుందో థ్రెషోల్డ్‌వాళ్ళు చెబుతారు. ఆ అమ్మాయి వెంట నువ్వు వెళ్ళు. ఇంతకు ముందు మోసపోయిన మనిషి కూడా వస్తే మాటకు బలం వస్తుంది. ఇక ఆ అన్నతో ఒక్క మాట చెప్పు, ఇకనుంచి ఇల్లు చూపించడం నా వల్ల కాదని. కారణం అడిగితే కారణమే చెప్పు.

నీకు ఖర్చు లేకుండా పోదు. గది పోవచ్చు, తగ్గింపు తప్పకుండా పోతుంది. డబ్లిన్‌లో ఇల్లు దొరకడం ఎంత కష్టమో నీ నోటే విన్నాను. నీ కాళ్ళ కింద ఉన్నది కొద్దిపాటి నేలే. అందుకే ఇంకో మాట. ఎదటివాళ్ళకు ధైర్యం చెప్పి తను మాత్రం తెనాలిలో ఫ్యాను కింద కూర్చునే పెద్దరికం నాకక్కర్లేదు. మిసెస్ విల్సన్ నీతులు చెప్పి ఊరుకోలేదు, చేతిలో డబ్బు పెట్టింది. నువ్వు ఇల్లు మారాల్సి వస్తే కొత్త అడ్వాన్సు నేను కడతాను. నా పెన్షన్ అందుకు చాలు. ఇది అప్పు కాదు, నాకు తిరిగి ఇవ్వొద్దు. ఎప్పుడో ఒకప్పుడు నీ గుమ్మంలోకి ఇంకెవరో వస్తారు, వాళ్ళకివ్వు.

ఐలీన్ కరెక్టా, ఫర్లాంగ్ కరెక్టా అని అడిగావు. ఖర్చు ఎంతవుతుందో చెప్పడంలో ఐలీన్ కరెక్టు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చెప్పడంలో ఫర్లాంగ్ కరెక్టు. ఇంతకాలం ఆ ఖర్చంతా కొట్టులో ఉన్న పిల్ల ఒక్కతే భరించింది. అది సబబు కాదు.

ఈ ఆదివారంలోగా ఖమ్మం అమ్మాయితో మాట్లాడు. మాట్లాడి నాకు ఫోన్ చెయ్యి. అమ్మకు నేను చెప్పుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ